ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఏ పాత కారు?

ప్రశ్న: పదేళ్లు దాటిన కార్లు రెండు చూశాను. ఒకటి 83 హార్స్‌పవర్ పెట్రోల్ కారు. బరువు 965 కిలోలు, మైలేజీ లీటరుకు 15 కిలోమీటర్లు. రెండోది 90 హార్స్‌పవర్ టర్బో డీజిల్. బరువు 1,150 కిలోలు, మైలేజీ 20. డీజిల్ కారు ధర కొంత ఎక్కువ, నా పొదుపంతా దానికి సరిగ్గా సరిపోతుంది. ఏడాదికి 6,000 కిలోమీటర్లు, ఎక్కువగా దగ్గర దూరాలే తిరుగుతాను. ఏది కొనమంటారు?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి పెట్రోల్ కారే మీకు తగినదని నా అభిప్రాయం, అయితే దానికి ఒక షరతు ఉంది.

హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూస్తే డీజిల్ మెరుగ్గా కనిపిస్తుంది కానీ, బరువుతో భాగించి చూస్తే టన్నుకు పెట్రోల్ కారుకు 86, డీజిల్‌కు 78 హార్స్‌పవర్ వస్తాయి. తక్కువ వేగంలో గేరు మార్చకుండానే లాగే టార్క్ డీజిల్‌కు ఎక్కువన్నది నిజమే. నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కేవారికి అది విలువైన గుణం, మీ అవసరం మాత్రం అది కాదు.

ఇక మైలేజీ. మీ 6,000 కిలోమీటర్లకు పెట్రోల్ కారు 400 లీటర్లు, డీజిల్ కారు 300 లీటర్లు తాగుతాయి. ఆ 100 లీటర్ల ఆదాకు రెండు ఇంధనాల ధరల తేడాను కూడా కలిపి, వచ్చిన మొత్తాన్ని డీజిల్ కారు ఇంజెక్టర్లకో, టర్బోకో, క్లచ్‌తో పాటు మార్చాల్సి వచ్చే ఫ్లైవీల్‌కో మీ మెకానిక్ చెప్పే ఖర్చుతో పోల్చి చూడండి. అలాంటి ఒక్క రిపేరు కొన్నేళ్ల ఆదాను మింగేయగలదు. పైగా మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ అయితే, ఆ మసి కాలిపోవడానికి కారు కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. దగ్గర దూరాల్లో ఆ పని సగంలో ఆగిపోతుంటే కాలకుండా మిగిలిన డీజిల్ వెళ్లి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అయినా ఆ కారే కావాలనిపిస్తే డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూపే కడ్డీ) బయటకు తీసి చూడండి: ఆయిల్ పై గీతను దాటి, పల్చగా, డీజిల్ వాసన వేస్తుంటే ఆ బేరం వదిలేయండి.

నా షరతు టైమింగ్ బెల్ట్ గురించి, అంటే ఇంజన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్ గురించి. పెట్రోల్ కారుకు చైన్ కాక బెల్టే ఉంటే, అది కిలోమీటర్లతోనే కాదు, వయసుతో కూడా అరుగుతుంది, తెగిందంటే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్చినట్లు బిల్లు చూపమనండి, మాటను నమ్మవద్దు. బిల్లు లేకపోతే ఆ పని ఖర్చును ధరలో తగ్గించి అడగండి. టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలు కూడా చదవండి: 2416 అని ఉంటే అది 2016లో 24వ వారంలో తయారైనదని అర్థం, అంటే కొత్త టైర్ల ఖర్చును కూడా బేరంలో పెట్టాలి.

పొదుపంతా ఊడ్చి కారు కొనడం నాకు అన్నిటికంటే ఆందోళన కలిగిస్తోంది. రెండు కార్ల ధరల మధ్య మిగిలే డబ్బును విడి ఖాతాలో వేసి, రిపేర్లకు తప్ప దేనికీ ముట్టుకోకండి.