మా కోడలికి ఐదో నెల. నాగావళి ఏటి వాలుగని ఉప్పూ పసుపూ రాసి కడిగితే పాదరసం పోతుందా?

పోదండి. శ్రీకాకుళంలో మనందరం చేసినట్టే కల్లుప్పు, పసుపు, చింతపండు పట్టించి కడిగితే జిగురూ నీచువాసనా వదులుతాయి, అంతే. చేపలో చేరే పాదరసం మిథైల్ మెర్క్యురీ రూపంలో ఉంటుంది. నీటి అడుగున గాలాడని బురదలో బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. చేప కండలోని మాంసకృత్తుల్ని అది గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి తోలు తీసినా, తలా పొట్టా పారేసినా, పులుసు పెట్టినా కదలదు. వేపుడు చేస్తే నీరు ఇగిరిపోయి, ముక్కలో దాని పాళ్లు కాస్త పెరుగుతాయి కూడా.

మీ కోడలికి ఐదో నెల అన్నారు. కడుపులో బిడ్డ మెదడు ఎదిగే సమయం కనక చేపని ఎంచుకోవడంలోనే జాగ్రత్తపడాలి. నాగావళి చేపలు చెడ్డవని నేననడం లేదు, ఏ ఏటికైనా లెక్క ఒకటే. వాలుగ, కొర్రమీను చిన్న చేపల్ని మింగి బతుకుతాయి. వాటిలోని పాదరసం ఏళ్ల తరబడి వీటి కండలో పోగుపడుతుంది. అందుకే పెద్ద వాలుగలు, పెద్ద కొర్రమీనులు కాన్పయ్యాక, పాలిచ్చే నెలలు కూడా దాటేదాకా వద్దు. కొత్తగా పొలాలు మునిగిన రిజర్వాయర్లో ఇలా వేటాడి తినే చేపలైతే మరీనూ. మునిగిన నేల కుళ్లుతూ కొన్నేళ్లపాటు ఈ విషాన్ని పెంచుతుంది.

అలాగని చేపలు మొత్తానికి మాన్పించకండి, బిడ్డకి వాటి కొవ్వులు కావాలి. చెరువులో పెంచిన కిలో, కిలోన్నర శీలావతి, బొచ్చె, లేదంటే పరిగెలు వారానికి రెండుసార్లు పెట్టండి.

మన దేశంలో ఆహారానికి పరిమితి కిలోకి 0.25 మిల్లీగ్రాముల మిథైల్ మెర్క్యురీ. అంతర్జాతీయ నిపుణుల సంఘం 2003లో చెప్పిన లెక్కన ఒంటి బరువు కిలోకి వారానికి 1.6 మైక్రోగ్రాములు మించకూడదు. అంటే 50 కిలోల మనిషికి 80 మైక్రోగ్రాములు. సరిగ్గా ఆ 0.25 పరిమితి దగ్గరున్న చేపైతే వారమంతటికీ 320 గ్రాములే. కిలోకి 0.05 మిల్లీగ్రాములున్న చేపైతే కిలోన్నర దాకా తినొచ్చు.

పరీక్ష చేయించాలనుకుంటే తోలూ ముల్లూ లేని వీపు కండ 200 గ్రాములు కొత్త కవర్లో కట్టి, ఐసులో పెట్టి ఎన్ఏబీఎల్ (పరీక్షశాలలకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌కి పంపండి. చేప పొడవు, బరువు రాసిపెట్టుకోండి. నాలుగైదు చేపల్ని కలిపి నూరితే పెద్దదాని సంగతి అందులో మరుగునపడుతుంది. మొత్తం పాదరసం కొలిస్తే చాలు, వేటాడి తినే చేప కండలో ఉండేది ఎక్కువగా మిథైలే. ఫలితం పచ్చికండ బరువు మీదే ఇమ్మనండి. ఎండబెట్టి తూస్తే అంకె నాలుగైదు రెట్లు కనిపించి హడలగొడుతుంది. ‘బీడీఎల్’ (పట్టుకోగల హద్దుకన్నా తక్కువ) అని రాసిస్తే ఆ యంత్రం కనీసం ఎంత పట్టుకోగలదో చూడండి. అది కిలోకి 0.5 మిల్లీగ్రాములైతే ఆ కాగితం మీకు పనికిరాదు. 0.05 లోపు పట్టుకోగలరా అని డబ్బు కట్టకముందే అడగండి.