కడపలో క్లినిక్ తెరుస్తున్న మా అక్క కూతురికి

బుజ్జమ్మా,

ఆడవాళ్ళ మూత్ర సమస్యలకని కడపలో విడిగా క్లినిక్ తెరుస్తున్నావట, నిన్న ఫోన్‌లో మీ అమ్మ ఒకటే మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మూత్రం దారిలో అడ్డు ఉన్న ఒకామెను నేను గుర్తించలేకపోయిన సంగతి గుర్తొచ్చింది.

మూత్ర పరీక్ష, కల్చర్, షుగర్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. లీకేజీకి ఇదివరకే టేపు ఆపరేషన్, అదే మూత్రం బయటికొచ్చే నాళం కింద పట్టీ వేసేది, అయిందేమో అడుగు. ఆ పట్టీ బిగిసినా అడ్డే. ధార వేగం కొలిచే ఫ్లో టెస్టు గదికి గొళ్ళెం లోపలివైపు పెట్టించు. తలుపవతల మనిషి అలికిడి ఉంటే మన ఆడవాళ్ళకు వచ్చేదీ రాదు. 150 మి.లీ. కూడా పోయని గ్రాఫు చూసి ‘అడ్డు ఉంది’ అని రాసేయకు.

ఇక నా తప్పు విను. అనంతపురంలో నేను కొత్తగా ఓపీ చూస్తున్న రోజులు. శింగనమల వైపు నుంచి శెనక్కాయ కూలికి పోయే ఆమె వచ్చింది. గంటకోసారి పోవాలట, అయినా చీర తడుస్తోందట. బయట లైను గేటు దాకా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి పైపైన చూసి, మూత్రసంచిని సడలించే మాత్ర రాసి పంపేశాను. నాలుగో రోజు రాత్రి జీపులో తెచ్చారు. పొత్తికడుపు బొడ్డు దాకా రాయిలా ఉంది. కాథెటర్ వేస్తే 1100 మి.లీ.! బ్యాగు నిండుతుంటే ఆమె కళ్ళు మూసుకుని, "వేలితో పైకి నెట్టుకుంటే గానీ రాదమ్మా, ఐదేండ్లాయె. నువ్వు అడగలేదు గదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సంచి జారి నాళం మడతపడింది. లోపల నిండి పొర్లిందే నాకు మామూలు లీకేజీలా కనిపించింది. దగ్గమనలేదు, నిలబెట్టి చూడలేదు, పోసొచ్చాక ఎంత మిగిలిందో స్కాన్ చేయలేదు. ఆ మిగులు చూడకుండా ఆ మాత్ర రాశావో, డాక్టరువని కూడా చూడను, కడప వచ్చి మరీ తిడతాను.

అప్పటికీ తేలకపోతే యూరోడైనమిక్స్, అంటే సంచిలో ఒత్తిడినీ ధారనూ కలిపి కొలిచే పరీక్ష, చేయించు. సంచిలో ఒత్తిడి పెరిగినా ధార సన్నగానే వస్తే అడ్డు. రెండూ తక్కువైతే సంచికే సత్తువ లేదు. మగవాళ్ళ ప్రోస్టేటు అంకెలు ఇక్కడ పనికిరావు. ఇంత దాటితే అడ్డు అని ఆడవాళ్ళకు అందరూ ఒప్పుకున్న గీత ఇప్పటికీ లేదు. అడ్డు సంచి మెడ దగ్గరా, నాళంలోనా అన్నది ఎక్స్‌రే వీడియోతో కలిపి చేస్తే బాగా తెలుస్తుంది.

అన్నట్టు, ఓపీ అయ్యేదాకా నువ్వు నీళ్ళు తాగవట, ఆపుకుని కూర్చుంటావట. మీ అమ్మే చెప్పింది. ఆ గొళ్ళెం పెట్టించిన గదికి ముందు నువ్వెళ్ళి రా.

నీ పిన్ని