చైనా విమానం ఎక్కేముందు ఇంటిపేరు సరిచూసుకో

సందేహం: షెన్‌జెన్‌లో ఉద్యోగం వచ్చింది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. నా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంది. తనకిప్పుడు నాలుగో నెల. మన పేర్లు, మన ఊళ్ళు అక్కడివాళ్ళకు అర్థమవుతాయా? ఏవేం ముందే చూసుకోవాలి అన్నయ్యా?

జవాబు: అర్థం కావేమోనని బెంగపడకు తమ్ముడూ. చైనావాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇంటిపేరును షింగ్ అంటారు. కొత్తవాళ్ళు మర్యాదగా "నిన్ గ్వెయ్ షింగ్?" అని అడుగుతారు, తమరి ఇంటిపేరేమిటండీ అని. కాస్త చనువయ్యాక "లావ్ జ్యా" ఎక్కడంటారు. అది నువ్వు అద్దెకుండే ఊరు కాదు, తాతల నాటి సొంతూరు. ఇండియా అని చెప్పి ఊరుకోకు. ఇండియాలో అందరిదీ ఒకటే భాష అనుకునేవాళ్ళు అక్కడ చాలామంది. "థై లు గు" అంటే తెలుగు, "హై ద లా బా" అంటే హైదరాబాద్. ఈ రెండు మాటలూ నేర్చుకునే వెళ్ళు.

నువ్వు అడగలేదు గానీ నా దిగులంతా డబ్బు గురించే. అక్కడ జీతం చేతికందాలన్నా, అందింది ఇంటికి పంపాలన్నా నీ పేరు ప్రతిచోటా ఒకేలా ఉండాలి. కొత్తలో నేనూ దీన్ని తేలిగ్గా తీసుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

పాస్‌పోర్టులో ఒక్క అక్షరం, డిగ్రీ పట్టాలో పూర్తి ఇంటిపేరు ఉంటే వర్క్ పర్మిట్ దగ్గరే ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న వస్తుంది. మార్పించుకోవాలంటే కంపెనీ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టు రీఇష్యూకు వెళ్ళు. ఆ తర్వాత మారిస్తే పాస్‌పోర్టు నంబరు కూడా మారిపోయి, పాత నంబరు మీద వచ్చిన కాగితాలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

దిగాక ముందు సిమ్, తర్వాత బ్యాంకు. తోటకూర వెంకట సాయికృష్ణ అనే పేరే తీసుకో. ఒక గుమస్తా మధ్యలో ఖాళీలు వదిలి కొడతాడు, ఇంకొకడు మొత్తం కలిపేస్తాడు, మూడోవాడు ఇంటిపేరును చివరికి తోస్తాడు. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు మనుషులు. సిమ్ ఇచ్చేచోట తెర మీద పేరు ఎలా పడిందో ఫొటో తీసుకో. బ్యాంకు కిటికీ దగ్గర అది చూపించి అచ్చం అలాగే కొట్టమను. సంతకానికి కాగితం బయటికి తోస్తారు కదా, పెన్ను పట్టుకోకముందే పేరు వరుస, ఖాళీలు, పాస్‌పోర్టు నంబరు వేలు పెట్టి చదువు. సంతకం అయ్యాక దిద్దించాలంటే మళ్ళీ టోకెను, మళ్ళీ వరుస. బ్యాంకులో ఇచ్చే ఫోను నంబరు కూడా ఆ సిమ్‌దే కావాలి. అక్కడ ఫోనులో డబ్బు కట్టే యాప్‌లైన వీచాట్‌కో అలీపేకో కార్డు కలిపేటప్పుడు పేరు, పాస్‌పోర్టు నంబరు, బ్యాంకులో ఇచ్చిన ఫోను నంబరు మూడూ సరిచూస్తారు. తప్పని చూపిస్తే పదిసార్లు కొట్టి చూడకు, బ్యాంకులో పేరు ఎలా ఉందో కనుక్కొని అలాగే కొట్టు.

మొదటి జీతం పడ్డ నెలలోనే ఆదాయపు పన్ను లెక్కలో నీ పేరు ఎలా ఎక్కించారో హెచ్‌ఆర్‌ను అడుగు. జీతం డాలర్లుగా మార్చి ఇంటికి పంపేటప్పుడు బ్యాంకు పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం, పన్ను కట్టిన రుజువు పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆఫీసులో నీకో చైనా పేరు పెడతారు, ముచ్చటగా ఉంటుంది, వాడుకో. ఒప్పందంలో మాత్రం అదొక్కటే రాయనివ్వకు. ఆ మనిషీ నువ్వూ ఒకరేనని రేపు చూపించడానికి నీ దగ్గర కాగితం ఉండదు.

పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది వస్తే 10 రోజుల్లో నివాస పర్మిట్ మార్పించాలి. ఆ వెంటనే బ్యాంకు, సిమ్, వీచాట్, రైలు టికెట్ల యాప్ 12306, వీటన్నిటిలో కొత్త నంబరు ఎక్కించాలి. బ్యాంకుకు పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్ళాలి, మూల కత్తిరించి ఇచ్చిన పాతదాన్ని పారేయకు. పాత పాస్‌పోర్టు గడువు దాటినా బ్యాంకులో కొత్తది చూపించకపోతే ఖాతాలో లావాదేవీలు ఆపేస్తారు. ఇప్పటి పిల్లలు అన్నీ యాప్‌లోనే అవుతాయనుకుంటారు. ఇది కాదు, కిటికీ దగ్గరికి వెళ్ళాల్సిందే.

మీ ఆవిడ ఇంటిపేరు జోలికి వెళ్ళకు. చైనా ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి షింగే ఉంచుకుంటారు, కాబట్టి భార్యాభర్తల పేర్లు వేరని ఎవరూ వింతగా చూడరు. వాళ్ళు చూసేది పెళ్ళి సర్టిఫికెట్. 2023 నవంబరు 7 నుంచి చైనాలో అపోస్టిల్ (దౌత్య కార్యాలయం ముద్ర అక్కర్లేకుండా ఒక్క ధ్రువీకరణతోనే పత్రం వేరే దేశంలో చెల్లే) పద్ధతి వచ్చింది, కానీ మన దేశం అభ్యంతరం చెప్పడంతో మనకూ వాళ్ళకూ మధ్య అది చెల్లదు. మన విదేశాంగ శాఖ ధ్రువీకరణ, దాని మీద చైనా దౌత్య కార్యాలయం ముద్ర, రెండూ ఇక్కడే వేయించుకుని వెళ్ళండి. దిగిన 24 గంటల్లో పోలీసు నమోదు, జెడ్ వీసా (ఉద్యోగ వీసా) మీద వెళితే 30 రోజుల్లో నివాస పర్మిట్ దరఖాస్తు, ఇవి కంపెనీవాళ్ళే చెబుతారు.

ఇక కాన్పు అక్కడే అయితే, పేరు బారసాల దాకా ఆగదు. ఆసుపత్రివాళ్ళు జనన ధ్రువపత్రం ఇచ్చేటప్పుడే పేరు అడుగుతారు, అందులో ఒకసారి ఎక్కితే మార్పించడం చాలా కష్టం. ఆడపిల్లకొకటి, మగపిల్లవాడికొకటి ముందే అనుకుని, జాతకం చూసే పెద్దవాళ్ళుంటే ఫోనులో అడిగి రాసిపెట్టుకోండి. ఉయ్యాల వేడుక 21వ రోజునే చేసుకోండి. తల్లిదండ్రులిద్దరూ భారతీయులైతే అక్కడ పుట్టినంత మాత్రాన బిడ్డకు చైనా పౌరసత్వం రాదు. జననాన్ని ఏడాదిలోగా మన కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, షెన్‌జెన్ వాళ్ళకు అది గ్వాంగ్‌జౌలో ఉంది. అయితే ఏడాది ఉందని కూర్చోకు. పుట్టిన 60 రోజుల్లో బిడ్డ నివాసాన్ని అక్కడి పోలీసు శాఖలో నమోదు చేయాలి, దానికి బిడ్డ పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. ఆసుపత్రి పత్రంలో బిడ్డ ఇంటిపేరు నీ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే పడాలి. ఆ పేజీ జిరాక్సు ఇప్పుడే తీసి కాన్పు సంచీలో పెట్టేయండి.