రాబిన్ పిల్లకు అన్నం పెట్టకండి

న్యూజెర్సీలో మీ పెరట్లో ఎగరలేని రాబిన్ పిట్ట పిల్ల కనిపించిందని, తల్లి జాడ లేదని, అన్నం మెతుకులు పెట్టవచ్చా అని అడిగారు. దయచేసి పెట్టకండి, పాలు అసలే వద్దు. ఛాతీ మీద మచ్చలు, ఒంటినిండా ఈకలు, పొట్టి తోక ఉన్నాయని రాశారు కాబట్టి అది తనంతట తానే గూడు దిగిన పిల్ల. అమెరికన్ రాబిన్ పిల్లలు పుట్టిన సుమారు 13 రోజులకే, రెక్కలకు పూర్తి బలం రాకముందే గూడు వదిలేస్తాయి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు తల్లిదండ్రులు వానపాములు, పురుగులు తెచ్చి నోట్లో పెడతాయి. తల్లి మళ్లీ గుడ్లు పొదగడంలో పడితే ఈ బాధ్యత తండ్రి మోస్తుంది, ఎంత ఓపికగానో!

మీరు దగ్గర నిలబడితే ఆ తల్లిదండ్రులు రావు. కిటికీ లోపలి నుంచి గంటసేపు చూడండి. పిల్లులు తిరిగే చోటైతే పిల్లను మెల్లగా ఎత్తి పక్క పొదలో ఉంచండి; మనిషి చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి వదిలేయదు. ఇంట్లో పెంచడం మాత్రం 1918 నాటి వలస పక్షుల చట్టానికి విరుద్ధం. గాయం కనిపిస్తే, పిల్లి నోట పడి ఉంటే, వెంటనే లైసెన్సు ఉన్న వన్యప్రాణి సంరక్షకులకు ఫోను చేయండి. గడ్డికి పురుగుమందు కొట్టాలనుకుంటే ఇప్పుడు మానేయండి, ఆ వానపాములే దాని తిండి.