ఆఫర్ ఒప్పుకున్నాక ధర పెంచమంటున్నారు: ఇంకో 15,000 పౌండ్లు పెట్టాలా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగులం, ఒక బాబు. నాది స్కిల్డ్ వర్కర్ వీసా. మొదటిసారి ఇల్లు కొంటున్నాం. మూడు బెడ్‌రూముల టెర్రస్ ఇంటికి (పక్క ఇళ్లకు అతుక్కుని వరసలో ఉండే ఇల్లు) 3,90,000 పౌండ్లకు మా ఆఫర్‌ను యజమాని ఒప్పుకున్నారు. ఏడు వారాల్లో మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) మంజూరైంది, సర్వే, సెర్చ్‌లు (ఇంటి గురించి అధికారిక రికార్డుల తనిఖీలు) పూర్తయ్యాయి. సర్వేలో పైకప్పుకు మరమ్మతు కావాలని వచ్చినా మేము బేరం చేయలేదు. ఇప్పటికి 2,100 పౌండ్లు ఖర్చయింది. పోయిన వారం ఎస్టేట్ ఏజెంటు ఫోను చేసి, వేరొకరు 4,05,000 ఇస్తామంటున్నారని, మేమూ అంత ఇస్తే ఇల్లు మాదేనని చెప్పారు. చేతిలో 58,000 పౌండ్లున్నాయి. అందులో 22,000 నా భార్య లైఫ్‌టైమ్ ఐసాలో (మొదటి ఇంటి కోసం దాచుకుంటే ప్రభుత్వం బోనసు కలిపే పొదుపు ఖాతా) ఉంది. నాన్నగారు తెనాలి దగ్గర స్థలం అమ్మి డబ్బు పంపిస్తానంటున్నారు. ఒప్పుకున్న మాటను ఇలా తప్పవచ్చా? కోర్టుకు వెళ్లవచ్చా? ధర పెంచి ఇల్లు నిలబెట్టుకోమంటారా? విజయవాడలో నాన్నగారి పేరూ నా పేరూ కలిపి ఒక ఫ్లాటు కూడా ఉంది, 80 లక్షలు చేస్తుంది. అవసరమైతే దాన్నీ అమ్మవచ్చు.

జవాబు: పెంచవద్దు. నాన్నగారిని స్థలం అమ్మనివ్వవద్దు. ఏజెంటుకు ఏం చెప్పాలో కింద రాస్తాను. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ 15,000 కాదు, చివర్లో మాటవరసకు చెప్పినట్టు రాసిన విజయవాడ ఫ్లాటు. దాని సంగతికీ వస్తాను.

ముందు చట్టం. మాట తప్పవచ్చా అని అడిగారు. నీతి సంగతి ఎలా ఉన్నా, ఇంగ్లండ్‌లో తప్పవచ్చు. అక్కడ దీనికి గజంపింగ్ అని పేరు కూడా ఉంది. 1989 నాటి చట్టం ప్రకారం ఇల్లు, భూమి అమ్మకం ఒప్పందం రాతపూర్వకంగా, ఇరుపక్షాల సంతకాలతో ఉంటేనే చెల్లుతుంది. ఆ సంతకాలు పడిన కాగితాలను ఇద్దరి సాలిసిటర్లు (లాయర్లు) మార్చుకునే రోజునే ఎక్స్ఛేంజ్ అంటారు. సాధారణంగా పది శాతం డిపాజిట్ కట్టేదీ ఆ రోజే. అంతకు ముందు వచ్చిన ప్రతి ఉత్తరం మీదా ‘సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్’ (ఒప్పందం కుదిరితేనే) అని ఉండటం మీరు చూసే ఉంటారు. మన ఊళ్లలో బయానా ఇచ్చి కాగితం రాసుకుంటే అమ్మేవాడిని నిలదీయడానికి ఒక ఆధారమైనా ఉంటుంది. మీ విషయంలో యజమాని చేతికి మీ నుంచి ఒక్క పౌండు కూడా చేరలేదు, ఆయన ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. కాబట్టి కోర్టుకు వెళ్లడానికి ఏమీ లేదు. ఖర్చయిన 2,100 పౌండ్లకు యజమాని బాధ్యుడు కాడు. ఇదే ఇల్లు స్కాట్లాండ్‌లో ఉంటే కథ వేరుగా ఉండేది. అక్కడ ఇరువైపుల సాలిసిటర్ల మధ్య ఉత్తరాల ద్వారా ఒప్పందం సాధారణంగా ఇంతకన్నా ముందే ఖాయమవుతుంది.

ఏజెంటు మీద కోపం రావడం సహజమే కానీ, ఆయన అమ్మేవారి మనిషి. వద్దని యజమాని చెప్పి ఉంటే తప్ప, ఎక్స్ఛేంజ్ దాకా వచ్చే ప్రతి ఆఫర్‌నూ ఆయన యజమానికి అందించాల్సిందే. లేని ఆఫర్‌ను ఉందని చెప్పడం మాత్రం నేరుగా నిబంధనలకు విరుద్ధం. అవతలి ఆఫర్ రాతపూర్వకంగా వచ్చిందా, వాళ్లు రొక్కంతో కొంటున్నారా మార్ట్‌గేజ్‌తోనా, వాళ్లు అమ్ముకోవాల్సిన ఇల్లు వేరే ఉందా అని ఈమెయిల్‌లో అడగండి. అన్నిటికీ జవాబు రాకపోవచ్చు. వచ్చిన జవాబు తర్వాత పనికొస్తుంది.

ఇక డబ్బు. 3,90,000 ఇంటికి మీరు వేసుకున్న లెక్క ఇలా ఉండి ఉంటుంది. పది శాతం డిపాజిట్ 39,000. మొదటి ఇల్లు కొనేవారికి 3,00,000 దాకా స్టాంపు డ్యూటీ లేదు, ఆపైన 5,00,000 వరకు ఉన్న భాగం మీద 5 శాతం కాబట్టి మీకు 4,500. మిగిలిన సాలిసిటర్ ఫీజులు, సామాను తరలింపు, చిల్లర ఖర్చులు 3,500 అనుకుందాం. 47,000 పోగా మీ దగ్గర 11,000 మిగలాలి.

ఇప్పుడు 4,05,000 అంటున్నారు. లెండరు (అప్పు ఇచ్చే సంస్థ) వాల్యుయేషన్, అంటే ఇంటికి విలువ కట్టడం, 3,90,000 దగ్గర జరిగింది. ధర మీరు పెంచినంత మాత్రాన ఆ ఇంటి విలువ లెండరు దృష్టిలో పెరగదు. వాళ్లు పాత విలువ మీదే అప్పు ఇస్తామంటే, పెరిగిన 15,000 మొత్తం మీ జేబులోంచి పోవాలి. దానికి తోడు 750 అదనపు స్టాంపు డ్యూటీ. 11,000 ఉన్న చోట 15,750 తీయాలి. అందుకే నాన్నగారి స్థలం మాట వచ్చింది.

ఆ దారి ఎంత పొడవో చూడండి. పౌండుకు 120 రూపాయల చొప్పున 15,000 అంటే 18 లక్షలు. ముందు స్థలం అమ్ముడుపోవాలి. లాభం మీద నాన్నగారు పన్ను కట్టాలి. రిజర్వు బ్యాంకు పథకం కింద ఆయన ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు కాబట్టి పరిమితితో ఇబ్బంది లేదు. కానీ ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. 8 లక్షల మీద 1,60,000 రూపాయలు. రిటర్ను వేశాక సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆయన డబ్బు ఇరుక్కుపోతుంది. ఇంగ్లండ్‌లో మీ లెండరు, సాలిసిటర్ ఇద్దరూ అది బహుమతేనని నాన్నగారి సంతకంతో లేఖ, అమ్మకం కాగితాలు, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. ఇదంతా తేలడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు. ఏజెంటు మీకు ఇచ్చిన గడువు రోజుల్లో ఉండి ఉంటుంది.

ఇప్పుడు విజయవాడ ఫ్లాటు. స్టాంపు డ్యూటీ రాయితీకి ‘మొదటి ఇల్లు’ అంటే ఇంగ్లండ్‌లో మొదటిది అని కాదు. ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఎప్పుడైనా సరే నివాస గృహంలో వాటా ఉన్నా, వారసత్వంగా వచ్చినా ఆ రాయితీ పోతుంది. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరికీ అర్హత ఉండాలి. ఖాళీ స్థలం, పొలం లెక్కలోకి రావు. ఫ్లాటు వస్తుంది. ‘పేరుకే నాది, అసలు నాన్నదే’ అని సరిపెట్టుకోవద్దు. మన వాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. తల్లిదండ్రులు ప్రేమతో రిజిస్ట్రేషన్‌లో కొడుకు పేరు చేరుస్తారు, కొడుకు ఆ సంగతే మర్చిపోతాడు.

రాయితీ లేకుండా 3,90,000 మీద స్టాంపు డ్యూటీ 9,500. మీరు అనుకున్నదానికి 5,000 ఎక్కువ. ఇంకో మెట్టు కూడా ఉంది. వేరే ఇంట్లో మీ వాటా విలువ 40,000 పౌండ్లు గానీ అంతకు మించి గానీ ఉంటే, కొత్త ఇంటి మొత్తం ధర మీద 5 శాతం అదనపు సుంకం పడుతుంది. 2024 అక్టోబరు 31 నుంచి ఇది 3 శాతం కాదు, 5. మీ విషయంలో అది 19,500. రెండూ కలిపితే 29,000. మీ సగం వాటా 40 లక్షలు, అంటే 120 లెక్కన సుమారు 33,300 పౌండ్లు. ప్రస్తుతానికి గీతకు ఇవతలే ఉన్నారు. కానీ ఆ ఫ్లాటు 80 లక్షలనేది ఎవరి అంచనా? 96 లక్షలకు చేరితే గీత దాటినట్టే. కొనుగోలు పూర్తయ్యే రోజు విలువే లెక్క కాబట్టి అక్కడ ఒక వాల్యుయర్ చేత రాతపూర్వకంగా విలువ కట్టించుకోండి. ఫ్లాటు అమ్మేస్తే అదనపు సుంకం భయం పోతుంది, మొదటి ఇంటి రాయితీ మాత్రం తిరిగి రాదు.

అంటే పాత ధరకే కొన్నా మీ దగ్గర మిగిలేది 11,000 కాదు, 6,000. మార్ట్‌గేజ్ 3,51,000, వడ్డీ 5 శాతం, 30 ఏళ్లు అనుకుంటే నెల వాయిదా 1,880 పౌండ్ల పైమాటే. తిండి, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక పన్ను), బాబు ఖర్చులు కలిపితే 6,000 రెండు నెలలు రావడం కష్టం. మీది స్కిల్డ్ వర్కర్ వీసా. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సరును, అంటే వీసాకు పూచీపడి ఉద్యోగం ఇచ్చే సంస్థను, వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే ఇస్తారు. చేతిలో నిల్వ విషయంలో పక్కింటి ఇంగ్లీషు కుటుంబం తీసుకునే ధైర్యం మీరు తీసుకోకూడదు. 4,05,000 వద్దనడానికి నాకు ఇదొక్కటే చాలు.

అలాగని ఇల్లు వదిలేయమనడం లేదు. మీ దగ్గర అవతలివాళ్లకు లేనిది ఒకటుంది: ఏడు వారాల పని. వాళ్లు సర్వే, వాల్యుయేషన్, సెర్చ్‌లు అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వాళ్ల సర్వేయరు ఎక్కినా ఎక్కేది అదే పైకప్పు. రేపు వాళ్లు దాన్ని చూపించి ధర తగ్గించమని అడిగే అవకాశం ఉంది. కాబట్టి డబ్బుకు బదులు తేదీ ఇవ్వండి. మీ సాలిసిటర్‌ను అడిగి ఎన్ని రోజుల్లో ఎక్స్ఛేంజ్ చేయగలరో ఖాయం చేసుకుని ఏజెంటుకు ఇలా రాయండి: ‘మా ఆఫర్ 3,90,000 వద్దే ఉంది. మార్ట్‌గేజ్ మంజూరైంది, సెర్చ్‌లు వచ్చాయి, పైకప్పు సంగతి తెలిసీ ధర తగ్గించమని అడగడం లేదు. ఫలానా తేదీన ఎక్స్ఛేంజ్‌కు సిద్ధం. ఈ ఉత్తరాన్ని యజమానికి యథాతథంగా అందించండి.’ యజమాని తానూ వేరే ఇల్లు కొనే హడావిడిలో ఉంటే 15,000 కన్నా ఆ తేదీ విలువైనదిగా కనిపించవచ్చు. కాదంటే కాదనుకోండి. కానీ తలుపు మూయకండి. ఇలాంటి రెండో ఆఫర్లు మధ్యలో వీగిపోవడం కొత్త కాదు. ఆరు నెలలు దాటని సెర్చ్‌లను సాధారణంగా లెండర్లు ఒప్పుకుంటారు, మీ కాగితాలు అప్పటికీ పనికొస్తాయి.

ఈ ఉత్తరం పంపే ముందే ఫ్లాటు సంగతి సాలిసిటర్‌కు చెప్పండి. కొనేవారి వివరాలు నింపే ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది. ఏం రాశారో ఒకసారి చూసుకోండి. తప్పుడు రాయితీ తీసుకుంటే తర్వాత పన్ను శాఖ వడ్డీతో, జరిమానాతో వసూలు చేస్తుంది.

ఈ ఇల్లు చేజారితే తర్వాతి ఇంటికి ఒక మార్గం ఆలోచించవచ్చు. మీ భార్య పేరున ఎప్పుడూ ఎక్కడా ఇల్లు లేకపోతే, ఆమె ఒక్కరి పేరున కొని, అప్పులో మాత్రం ఇద్దరూ ఉండే మార్ట్‌గేజ్‌లు కొందరు లెండర్లు ఇస్తారు. అప్పుడు మొదటి ఇంటి రాయితీ నిలుస్తుంది. 20,000 చవకైన ఇల్లు వెతికితే డిపాజిట్‌లో, పన్నులో కలిపి మిగిలేది 3,000. ఈ మార్పుతో మిగిలేది 5,000. అయితే అదనపు సుంకం దగ్గర భార్యాభర్తలను ఒకటిగానే చూస్తారు కాబట్టి ఆ 40,000 గీత అప్పుడూ ఉంటుంది. ఇంటి మీద మీకు హక్కు లేకుండా అప్పు మాత్రం ఉంటుంది కనుక విడిగా న్యాయ సలహా తీసుకోమని లెండరే అడుగుతారు, తీసుకోండి. ఇప్పటి ఇంటికి ఈ దారి పట్టాలంటే మార్ట్‌గేజ్ మళ్లీ మొదలవుతుంది, తేదీ అనే మీ బలం పోతుంది. అందుకే దీనికి వద్దు.

ఆమె లైఫ్‌టైమ్ ఐసాను ఇంటికి తప్ప ముట్టుకోవద్దు. వేరే అవసరానికి తీస్తే తీసిన మొత్తంలో 25 శాతం కోత పడుతుంది, అది ప్రభుత్వం ఇచ్చిన బోనసు కన్నా ఎక్కువ. సాలిసిటర్ ఆ డబ్బును ఇప్పటికే తెప్పించి ఉంటే 90 రోజుల్లో కొనుగోలు పూర్తికావాలి, లేదా గడువు పొడిగించాలి, లేదా తిరిగి పంపాలి. ఇవాళే అడగండి. దాంతో కొనే ఇల్లు 4,50,000 దాటకూడదు. ఫ్లాటు కారణంగా మీరు ఇప్పుడు మీ పేరున అలాంటి ఖాతా తెరిచినా ఇంటికి వాడుకోలేరు.

వచ్చేసారి ఆఫర్ ఒప్పుకోగానే, ఒక్క పౌండు ఖర్చు పెట్టకముందే, ఇల్లు అమ్మకం ప్రకటన తీసేయమని రాతపూర్వకంగా అడగండి. రెండు మూడు వారాలు ఇంకెవరితోనూ బేరం చేయనని యజమాని సంతకం చేసే లాకౌట్ ఒప్పందం కూడా అడగవచ్చు. రెండు వారాలకు రాసుకున్న అలాంటి ఒప్పందం చెల్లుతుందని 1993లో అప్పీలు కోర్టు తీర్పు ఉంది. చాలామంది యజమానులు ఒప్పుకోరు, ఒప్పుకోని తీరులోనే వాళ్ల మనసు కొంత తెలుస్తుంది. గజంపింగ్ జరిగితే సర్వే, న్యాయ ఖర్చులు తిరిగి ఇచ్చే బీమా దొరుకుతుంది, ప్రీమియం తక్కువే. ఆఫర్ ఒప్పుకున్న కొద్ది రోజుల్లోనే తీసుకోవాలి కాబట్టి ఈ ఇంటికి ఇక పనికిరాదు.

చివరగా మీ మార్ట్‌గేజ్ మంజూరు లేఖ మీద గడువు తేదీ చూడండి. ఇల్లు మారినా అదే దరఖాస్తును, అదే వడ్డీని కొత్త ఇంటికి మార్చగలరేమో బ్రోకరును అడగండి. కొందరు లెండర్లు కొత్త వాల్యుయేషన్‌తో సరిపెడతారు. సాలిసిటర్ బిల్లు వచ్చినప్పుడు ఇంతవరకు చేసిన పనికే వేశారా, ఇంకో ఇంటికీ ఆయనతోనే వెళ్తే ఎంత తగ్గిస్తారు అని కూడా అడగండి. అడిగితే తగ్గించేవాళ్లు ఉన్నారు.