పొటాషియం క్లోరేట్ పొడిలో టీ1 పూటకో విలువ ఎందుకొస్తోందంటే

తమ్ముడూ, శాంపిల్‌ని అనుమానించకు. ఇన్వర్షన్ రికవరీలో (కేంద్రకాల స్పిన్‌లను పల్స్‌తో తలకిందులు చేసి, అవి మామూలు స్థితికి తేరుకోవడం చూసే పద్ధతి) సిగ్నల్ పూర్తిగా తిరగబడట్లేదని, పొద్దున వచ్చిన టీ1 (అలా తేరుకోవడానికి పట్టే కాలం) మధ్యాహ్నానికి మారిపోతోందని రాశావు కదా, అవి రెండు వేర్వేరు సంగతులు.

మొదటిది తప్పే కాదు. క్వాడ్రుపోల్ రెజొనెన్స్‌లో (స్ఫటికంలోని విద్యుత్ క్షేత్రం వల్ల కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందించే పద్ధతి) బయటి అయస్కాంతం ఉండదు, కాబట్టి పల్స్ స్పిన్‌లను ఎంత తిప్పుతుందన్నది కాయిల్ ఫీల్డ్‌కీ స్ఫటికం అక్షానికీ మధ్య కోణాన్ని బట్టి ఉంటుంది. పొడిలో రేణువులు తలో దిక్కు చూస్తుంటే అన్నింటినీ ఒకేసారి 180 డిగ్రీలు తిప్పడం ఎవరి వల్లా కాదు. వరసగా పల్సులు కొట్టి శాచురేట్ చేసి (అంటే సిగ్నల్‌ను సున్నాకి దించి) రికవరీ చూడు, లేదా మొదటి విలువను కూడా ఫిట్‌కే వదిలెయ్. క్లోరిన్-35 స్పిన్ 3/2, ఒకటే ట్రాన్సిషన్, ఒక్క ఎక్స్‌పొనెన్షియల్ చాలు. రెండో ఎక్స్‌పొనెన్షియల్ కలిపితే గ్రాఫ్ అందంగా వస్తుంది, గైడ్ అడిగితే మాత్రం జవాబుండదు.

రెండోది మన హైదరాబాద్ ఎండల పుణ్యం. 28 మెగాహెర్ట్జ్ దగ్గరి ఆ క్లోరిన్ సిగ్నల్ లైన్ గది ఉష్ణోగ్రతలో డిగ్రీకి దాదాపు 5 కిలోహెర్ట్జ్ కిందికి జారుతుంది (దాన్ని థర్మామీటర్‌గా వాడేది అందుకే). టీ1 మాత్రం, రెండు ఫోనాన్ల (స్ఫటికంలోని కంపనాల) రామన్ ప్రక్రియ లెక్కన, డిగ్రీకి ఒక శాతం లోపే మారాలి. అంటే మారుతోంది టీ1 కాదు: రన్ మధ్యలో లైన్ జరిగి సిగ్నల్ తగ్గుతోంది, నువ్వేమో డిలేలను (పల్సుల మధ్య ఆగే సమయాలను) చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరసగా తీస్తున్నావు, ఆ తగ్గుదల అంతా రికవరీలో కలిసిపోతోంది. శాంపిల్ ట్యూబును ఆయిల్ బాత్‌లో పెట్టు, ఏసీని నమ్మకు. డిలేల వరస కలగాపులగం చెయ్, ప్రతి రన్ ముందు ఫ్రీక్వెన్సీ సరిచూసుకో.