మార్పు వేరు, మార్పిడి వేరు

ప్రశ్న: పర్యాయపదాల పట్టికలో 'మార్పు'కు పరివర్తన, పరిణామం, వికారం, మార్పిడి అని ఉంది. అది చూసుకుని వ్యాసంలో 'వాతావరణ మార్పిడి' అని రాస్తే మాస్టారు కొట్టేశారు. పట్టిక తప్పా, నేను రాసింది తప్పా?
– డిగ్రీ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: పట్టిక తప్పు కాదమ్మా. పర్యాయపదాలు కదా అని ఒకదాని చోట ఇంకొకటి పెట్టేయడంతోనే చిక్కు వచ్చింది. 'మార్పిడి' అనాలంటే ఒకటి పోయి దాని చోటికి వేరొకటి రావాలి, లేదా రెండూ చేతులు మారాలి. అవయవ మార్పిడి, నోట్ల మార్పిడి, అధికార మార్పిడి అన్నీ ఇలాంటివే. దాళ్వాకు, అంటే రెండో పంటకు, వరి మానేసి అదే చేలో మినుము చల్లితే పంట మార్పిడి. ఏళ్ల తరబడి దాచుకుంటున్న విత్తనం వదిలి కొత్తది తెచ్చుకుంటే విత్తన మార్పిడి. వాతావరణం సంగతి అలా కాదు. ఉన్న వాతావరణమే వేడెక్కుతోంది, వాన అదను తప్పుతోంది. వస్తువు అదే ఉండి తీరు వేరైతే మార్పు. మీ మాస్టారు కొట్టేయడం న్యాయమే.

తక్కినవాటిలో 'పరివర్తన' ఎక్కువగా మనసుకూ నడతకూ చెల్లుతుంది. ఖైదీలో పరివర్తన వచ్చిందంటాం, బస్సు టైములో పరివర్తన వచ్చిందనం. 'పరిణామం' ఒక దశ నుంచి ఇంకో దశకు మెల్లగా సాగేది: జీవ పరిణామం, భాషా పరిణామం. పత్రికల్లో 'తీవ్ర పరిణామాలు' అన్నప్పుడు మాత్రం పర్యవసానాలని అర్థం. రాసేటప్పుడు ణ, మ అటూ ఇటూ అయితే అది 'పరిమాణం' అయి కొలత కిందికి పోతుంది. పరీక్షలో ఇక్కడ జాగ్రత్తగా ఉండండి.

'వికారం' పాత అర్థం మార్పే. వ్యాకరణంలో ప్రకృతి, వికృతి అన్నప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉంది: అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. అక్కడ వికృతి అంటే రూపం మారిన మాట, అంతే. వాడుకలో మాత్రం వికారం కడుపులో తిప్పడం, వికృతం చూడటానికి బాగాలేనిది. కాబట్టి పర్యాయపదాలు రాయమంటే వికారం రాయండి, వ్యాసంలో వాడకండి.

ప్రశ్న: ఊడ్చిన (వరి నాట్లు వేసిన) చేను చూసి మా నాన్నగారు 'మారాకేసింది' అంటారు. ఇందులోని 'మారు', మార్పులోని 'మారు' ఒకటేనా?
– పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ఒకటేనండి. పాత పుస్తకాల్లో శకటరేఫతో 'మాఱు' అని ఉంటుంది. క్రియగా వేరు కావడం, విశేషణంగా వేరొకటి, రెండోది అని అర్థం. మారు + ఆకు కలిసి ఉత్వసంధితో మారాకు. ఆకుమడిలోంచి పీకేటప్పుడు వేళ్లు తెగుతాయి, అందుకే ఊడ్చిన తొలి రోజుల్లో చేను పాలిపోయి వాలుతుంది. కొత్త వేళ్లు దిగి మూన తిరిగాక, అంటే నాటు కుదురుకున్నాక, మొవ్వులోంచి పచ్చటి ఆకు లేస్తుంది. అదే మారాకు. చేను నిలదొక్కుకుందనడానికి గుర్తు కాబట్టే రైతు నోట ఆ మాట అంత సంతోషంగా వస్తుంది.

మారుపేరు, మారువేషం, మారుమాట, మారుతల్లి, విస్తరి ముందు వినిపించే మారు వడ్డన, 'రెండు మార్లు చెప్పాను'లోని మార్లు, అన్నీ ఈ కుదురువే. ఇక 'మార్పు' అనే నామం 'మార్చు' నుంచి వచ్చింది. చేర్చు–చేర్పు, కూర్చు–కూర్పు, ఓర్చు–ఓర్పు, నేర్చు–నేర్పు చూడండి, అన్నీ ఒకే మూస. 'మార్పులు చేర్పులు' జంటగా అంత బాగా నప్పడం అందుకే.

ప్రశ్న: దరఖాస్తులో పేరు మార్పు అని రాయాలా, పేరు సవరణ అని రాయాలా?
– పాఠకురాలు, భీమవరం

జవాబు: అక్షరం తప్పు పడితే సవరణ. ఉన్న పేరు వదిలి వేరే పేరు పెట్టుకుంటే, మనిషి అదే మనిషి కాబట్టి, మార్పు. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం కావడం పేరు మార్పు. ఇల్లు మారితే చిరునామా మార్పు, ఉద్యోగి వేరే ఊరు వెళితే బదిలీ, పొలం హక్కు ఒకరి నుంచి ఇంకొకరికి పోతే బదలాయింపు. దరఖాస్తు పైన 'విషయం' దగ్గర సరైన మాట పడితే గుమాస్తా దాన్ని సరైన ఫైల్లో పెడతాడు. సవరణ అడుగుతూ 'మార్పు' అని రాస్తే మాత్రం పేరెందుకు మారుస్తున్నారో చెప్పమని తిరిగి మిమ్మల్నే అడగవచ్చు.